గోడవైపు తిరిగి ఉండాల్సిన కత్తి

గల్ఫ్‌లోని ఉమ్ సలాల్‌లో మేము పనికి కుదిరిన ఇంట్లో నాకు వంటిల్లు చూపించకముందే ఒక కత్తిని చూపించారు.

చూపించింది ఆ ఇంటి పెద్దాయన. అందరం బాబా అని పిలిచేవాళ్ళం. షుగరు ఆయన కళ్ళని తినేసింది. ఎదురుగా మనిషి నిలబడితే నీడ నిలబడినట్టు తెలిసేది, అంతే. అయినా ఇంటి ముందుభాగంలో మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ గదిలోకి తడుముకోకుండా నడిచి, గోడ మీద వేలాడుతున్న ఒక వంకర కత్తి మీద సూటిగా చెయ్యి వేశారు. "దీన్ని తుడిచి మళ్ళీ తగిలించేటప్పుడు మొన దగ్గరి వంపు, ఈ కొక్కెం, గోడవైపు ఉండాలి బింతీ. గదివైపు తిరగకూడదు. మనుషులు కూర్చునే చోటు ఇది" అన్నారు. బింతీ అంటే నా కూతురా అని.

నేను తలూపాను. ఆయనకి కనపడదని గుర్తొచ్చి, "సరే బాబా" అన్నాను.

వయసులో ఉన్నప్పుడు పడవల మీద తిరిగిన మనిషాయన. ఖర్జూరం వేసుకుని ఇటు బొంబాయి రేవుకీ, అటు ఆఫ్రికా రేవులకీ వెళ్ళేవారట. వెళ్ళిన ప్రతిచోటా ఒక కత్తి కొనేవారు, లేకపోతే ఎవరో ఇచ్చేవారు. ఆ తిరుగుళ్ళలోనే హిందీ వచ్చింది. నాది అంతకుముందు ఇంకో ఇంట్లో పనిచేసి పట్టిన హిందీ. "మీ ఇద్దరి హిందీ వింటే హిందీవాళ్ళు ఏడుస్తారే" అనేవారు మా ఆయన. ఆయన ఆ ఇంటి డ్రైవరు. ఇది తొంభైల్లో మాట. మా కోనసీమ నుంచి మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఒకే ఇంట్లో పని దొరకడం అదృష్టమని అందరూ అన్నారు.

నేను చదివింది నాలుగో తరగతి. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. నాకు తెలిసిన కత్తులంటే బొండాలు కొట్టే కత్తి, వరి కోసే కొడవలి, మా అమ్మ కత్తిపీట. అందుకే బాబా ఒక్కో కత్తినీ ఒళ్ళో పెట్టుకుని, "ఎలా ఉందో చెప్పు బింతీ" అంటే నాకు వచ్చినట్టే చెప్పేదాన్ని. మధ్యాహ్నం నమాజుకీ సాయంత్రం నమాజుకీ మధ్య ఇల్లంతా పడుకునేది. ఆయనకి నిద్ర పట్టేది కాదు. నేను గుడ్డా నూనెగిన్నే పట్టుకుని కింద కూర్చునేదాన్ని.

"ఒర చివర పడవ తెడ్డులా వెడల్పుగా ఉంది బాబా. పిడి దగ్గర అడ్డంగా ఇనప కడ్డీ ఉంది."

"అది సూడాన్‌ది. కస్కరా. ఒర చివర అలా ఆకులా విచ్చుకుందంటే ఇంకేదీ కాదు. భుజానికి వేలాడేసుకుంటారు."

"ఇదేమో కప్పని మింగిన పాములా ఉంది. పిడి దగ్గర సన్నం, కిందకి పోతే లావు, మళ్ళీ చివర సూది."

ఆయన చాలాసేపు నవ్వారు. "ఫ్లిస్సా. అల్జీరియా కొండల్లోవాళ్ళది. పిడి చివర జంతువు తల ఉందా చూడు. దానికి అడ్డకడ్డీ ఉండదు. ఉంటే అది ఫ్లిస్సా కాదు."

అలా నాకు ఒక్కొక్కటీ తెలిసింది. పిడిని పైనుంచి కిందిదాకా తోలూ ఇత్తడీ చుట్టి, ఇనుము అరచేతికి తగలకుండా చేసినది తకూబా. అది ఎడారిలో ఒంటెల మీద తిరిగేవాళ్ళది. ఇనుములో ఏదో ఉంటుందని వాళ్ళకి భయమట. అసలు మొన లేకుండా, చివర కొమ్ముల్లా రెండుగా వంగి ఉన్నది కాంగో నది పక్కవాళ్ళది. దాని గురించి అడిగితే బాబా దాన్ని నా చేతికి తిరిగి ఇచ్చేశారు. "అది యుద్ధానికి చేసింది కాదు బింతీ. కట్టేసి కూర్చోబెట్టిన మనిషి కోసం చేసింది" అన్నారు. ఆ రోజు నుంచి దాన్ని తుడిచేటప్పుడు చూపు పక్కకి పెట్టుకునేదాన్ని.

మొదటిరోజు చూపించిన వంకర కత్తి ఇథియోపియాది. షోతెల్ అంటారు. మా కొడవలికి పెద్దన్నలా ఉండేది. లోపలా బయటా రెండు వైపులా పదునే. "ఇంత వంకరెందుకు బాబా, పొడవడానికి రాదు కదా" అన్నాను.

ఆయన ఎడం చెయ్యి గుండెకి అడ్డంగా పెట్టుకున్నారు. "ఇది డాలు అనుకో. డాలు పట్టుకున్నవాణ్ణి ఎదురుగా కొట్టలేవు. ఇది డాలు పక్కనుంచి తిరిగి లోపలికి వస్తుంది. నాది అనుకుని వాడు దాక్కున్న చోటే తగులుతుంది." అని కుడిచేతి వేళ్ళని వంచి తన చంకలో పెట్టుకుని చూపించారు.

దాని పిడి ఖడ్గమృగం కొమ్ము. వెలుగులో పెడితే తేనెరంగు. పట్టుకున్న కాసేపటికే చేతి వెచ్చదనం దానికి వచ్చేసేది, ఎవరో మన చెయ్యి తిరిగి పట్టుకున్నట్టు. బాబా రోజూ అన్ని కత్తులూ పట్టుకునేవారు కాదుగానీ దీన్ని మాత్రం పట్టుకోని రోజు లేదు. ఆ రోజుల్లో అలాంటి కొమ్ము పిడి కోసం పడిచచ్చేవాళ్ళు గల్ఫ్ అంతా ఉండేవారు. అది నాకు తర్వాత తెలిసింది.

ఆ యేడు దసరాకి మా ఆయన ఒక పని చేశారు.

పట్నంలో అల్ మన్సూరా పేటలో ఉండే ఒక తెలుగు ఇంజినీరుగారి ఇంట్లోవాళ్ళు పసుపు, కుంకుమ పొట్లాలు ఇచ్చారు. కారుకి ఎవరూ చూడకుండా షెడ్డులో బొట్టు పెట్టుకుని, నిమ్మకాయ తొక్కించి, వెంటనే తుడిచేసుకోవడం ఆయనకి అలవాటే. ఆ రోజు ఇంట్లోవాళ్ళంతా ఏదో పెళ్ళికి వెళ్ళారు. బాబా నమాజుకి మసీదులో ఉన్నారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి మా ఆయన మజ్లిస్‌లో చెప్పులు విప్పేసి దణ్ణం పెడుతున్నారు. గోడ మీద కత్తులన్నిటికీ పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

"మతి పోయిందా మీకు!"

"ఏమే, ఆయుధపూజ అంటే అసలు ఆయుధాలకే కదా. మన ఊళ్ళో ఉన్నవి కొడవళ్ళూ, గునపాలూ. ఇక్కడ నిజం కత్తులున్నాయి. వీటిని వదిలేసి టొయోటాకి పెడితే అమ్మవారు నవ్వదూ?"

"అమ్మవారు నవ్వడం తర్వాత. వీళ్ళు చూశారంటే మనల్ని పంపేస్తారు."

గబగబా అన్నీ తుడిచాను. ఇనుము మీదది వచ్చేసింది. తోలు మీదదీ వచ్చింది. షోతెల్ కొమ్ము పిడికీ ఇనుముకీ మధ్య సన్నటి సందు ఉంది, అందులోకి వెళ్ళిన పసుపు మాత్రం రాలేదు. కొబ్బరినూనె రాశాను. ఇంకా లోపలికి పోయింది. గోరంత పచ్చటి గీత మిగిలింది. కళ్ళున్నవాళ్ళెవరూ దాన్ని అంత దగ్గరగా చూడరులే అనుకుని వదిలేశాను.

చలికాలం వచ్చేసరికి బాబా కాలివేలికి పుండు పడింది. ఆస్పత్రిలో పెట్టారు. ఆయన అక్కడుండగా ఒకరోజు ఆయన కొడుకు, మా వీసాలకి పూచీ పడ్డ కఫీల్ అతనే, మా పాస్‌పోర్టులు ఉండేదీ అతని దగ్గరే, దుప్పట్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి మా ఆయనకిచ్చాడు. నేను వరండా కడుగుతున్నాను. పట్నంలో ముషైరిబ్‌లో ఫలానా సందులో ఫలానా కొట్టులో ఇచ్చి రమ్మన్నాడు. "ఒర బాగు చేయిస్తున్నా. బాబా వచ్చాక చూసి సంతోషిస్తాడు. చెప్పొద్దు" అన్నాడు. మా ఆయన ఇచ్చి వచ్చారు. కొన్నాళ్ళకి అదే దుప్పట్లో చుట్టి ఉన్నది వెళ్ళి తెచ్చారు.

మర్నాడు మజ్లిస్ తుడవడానికి వెళ్తే షోతెల్ గోడ మీద దాని చోట్లోనే ఉంది. కొక్కెం గదివైపు తిరిగి ఉంది.

తెలియనివాళ్ళు తగిలించారులే అని తిప్పబోయాను. పిడి చేతికి చల్లగా తగిలింది. పట్టుకునే ఉన్నాను, చల్లగానే ఉంది. కిటికీ దగ్గరికి తెచ్చి ఆ సందు చూశాను. పచ్చగీత లేదు. కడిగితే పోయిన గుర్తు కూడా లేదు. అసలెప్పుడూ పసుపు తగలని పిడి అది. ఇనుము మీద మచ్చలు కూడా ఎవరో కూర్చుని పెట్టినట్టు ఉన్నాయి.

నేను దాన్ని గోడవైపు తిప్పి తగిలించి, వంటింట్లోకి వచ్చి బియ్యం కడగడం మొదలుపెట్టాను. కడిగిన బియ్యమే మళ్ళీ కడిగాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన నోరు ఆగదు.

బాబా ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే ఒక కబురు వచ్చింది. ఆఫ్రికా కత్తుల మీద బొమ్మల పుస్తకం వేస్తున్న తెల్లాయన ఒకాయన బాబా కత్తులు చూసి ఫొటోలు తీసుకోవడానికి వస్తున్నాడు. బాబా మొహం వెలిగింది. భోజనం దగ్గర అదే మాట. కొడుకు అన్నం సగంలో వదిలి లేచాడు.

ఆ సాయంత్రం అతను షెడ్డు దగ్గరికి వచ్చాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన భుజం మీద స్నేహంగా చెయ్యి వేశాడు.

"ఆ కొట్టుకి వెళ్ళింది ఎవరు?"

"నేనే అర్బాబ్. మీరు చెబితేనే..." యజమానిని మేము అర్బాబ్ అనేవాళ్ళం.

"కొట్టువాడికి ఎవరి మొహం తెలుసు?"

మా ఆయన బకెట్టుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"నా మొహం తెలియదు. నీది తెలుసు. రేపు ఏదైనా తేడా అంటే పోలీసులు ముందు అడిగేది ఆ మొహం గురించే. కలామ్ మాఫీ. మాటే లేదు. యల్లా, కారు కడుగు."

అతను వెళ్ళాక మా ఆయన బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఏమే, ఏం తేడా? ఒర బాగు చేయిస్తే తేడా ఏముంటుంది?" అని నన్నడిగారు. అప్పుడూ నేను చెప్పలేదు. "కారు కడగండి" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం బాబా పిలిచారు. తెల్లాయన వచ్చేలోపు అన్నీ ఒకసారి తడిమి, ఏది ఎక్కడిదో వరసపెట్టుకుందామన్నారు. కస్కరా ఇచ్చాను. ఫ్లిస్సా ఇచ్చాను. "కప్పని మింగిన పాము" అని నవ్వారు. కాంగో కత్తి ఇచ్చాను. తకూబా ఇచ్చాను. ఇక మిగిలింది ఇవ్వక తప్పలేదు.

ఆయన చేతులు పిడి చుట్టూ మూసుకున్నాయి. ఎప్పటిలా వెచ్చబడేదాకా ఆగారు. ఆగి ఆగి, బొటనవేలు ఆ సందు మీదికి తెచ్చారు. అక్కడే పెట్టి ఉంచారు. తర్వాత పిడిని ముక్కు దగ్గరికి తీసుకున్నారు.

"పిడి ఇనుముని కలిసే చోట ఏముంది బింతీ?"

"ఏమీ లేదు బాబా."

"ఏమీ లేదా?"

"లేదు బాబా."

"ఉండేది" అన్నారాయన. "మీ పండగ రోజు నుంచి దీనికి మీ వంటింటి వాసన ఉండేది. పసుపు వాసన. బొంబాయి రేవులో గోనెలకి ఉండేది అదే. ఎవరు పెట్టారు?"

"మా ఆయన. తప్పయిపోయింది బాబా. మా పండగకి పనిముట్లకి పెడతాం. ఇవి కూడా అలాంటివేనని పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. కడిగాను, పోలేదు."

"మా ఇంట్లో అది ఉండకూడదు. అల్లా దగ్గర క్షమాపణ అడిగాను, నీకు చెప్పలేదు." కత్తిని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. "దణ్ణం పెట్టుకున్నవాడు దీన్ని మార్చడు. నేను ఆస్పత్రిలో ఉండగా ఇది గడప దాటిందా?"

"దాటింది."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"మా ఆయనే. తిరిగి తెచ్చిన పొట్లంలో ఉన్నది వేరే కత్తని ఆయనకి ఇప్పటికీ తెలియదు."

"ఎవరిచ్చారు?"

లోపల గదిలో ఆయన కొడుకు ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినపడుతోంది. ఇద్దరికీ వినపడుతోంది. నేను గుడ్డని మడత పెట్టాను, మళ్ళీ విప్పాను.

"ఇచ్చిన చెయ్యి నేను చూశాను బాబా. చెప్పమంటే చెప్తాను. మీరు అడగకండి."

ఆయన అడగలేదు. కనపడని కళ్ళని ఆ గొంతు వస్తున్న వైపు తిప్పి చాలాసేపు కూర్చున్నారు. ఫోను మాట ఆగిపోయింది. అప్పుడు ఎడం చెయ్యి మెల్లగా పైకెత్తి గుండెకి అడ్డంగా పెట్టుకున్నారు. నాకు డాలు అని చూపించిన రోజున పెట్టుకున్నట్టే. తనకి తెలియకుండానే పెట్టుకున్నారనుకుంటాను.

తెల్లాయన వచ్చిన రోజు మజ్లిస్‌లోకి నేను వెళ్ళడానికి లేదు, మగవాళ్ళున్నారు కాబట్టి. మా ఆయన గహ్వా కాఫీ, ఖర్జూరాలూ లోపలికి అందిస్తున్నారు. నేను లోపలి తలుపు సందులోంచి చూస్తున్నాను. వచ్చినాయన ఒక్కో కత్తినీ చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తీసుకుని, తిప్పి చూసి, పేరు చెప్పి, బాబా వైపు చూసేవాడు. బాబా అవునని తలూపేవారు. పాము దగ్గర ఆయన కూడా నవ్వాడు. బాబా చెప్పి ఉంటారు. కొడుకు తలుపు పక్కన నిలబడి జపమాల తిప్పుతున్నాడు. పూసల చప్పుడు నాదాకా వస్తోంది. తెల్లాయన షోతెల్ వైపు నడిచాడు. పూసలు ఆగాయి. మా ఆయన పళ్ళెం పట్టుకుని సరిగ్గా ఆ గోడ కిందే ఉన్నారు.

తెల్లాయన దాన్ని మేకు నుంచి తీసి, బరువు చూసుకుని, పిడి మీద గోటితో గీరాడు. మొహం చిట్లించాడు. నోరు తెరవబోయాడు.

"అది వదిలెయ్యి" అన్నారు బాబా. "అది నకలు. అసలుది నేనే ఒకరికి ఇచ్చేశాను. గోడ ఖాళీగా ఉందని అది పెట్టించాను."

తెల్లాయన, "అదీ సంగతి, పిడి చూసి నేనూ అదే అనుకున్నాను" అన్నాడు. దాన్ని మళ్ళీ తగిలించాడు. కొక్కెం గదివైపు.

కొడుకు తండ్రినే చూస్తున్నాడు. తర్వాత చూపు తిప్పి మా ఆయన్ని చూశాడు. ఆ తర్వాత లోపలి తలుపు సందు వైపు చూశాడు.

ఆ వారంలోనే బాబా మమ్మల్ని పంపేస్తున్నానన్నారు. ఇంట్లో అందరి ముందూ చెప్పారు. కాలు బాగోలేదు, ఇక డ్రైవరుతో పని లేదు అన్నారు. నేను ఒంటరిగా వెళ్ళి, "బాబా, మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు" అంటే, "నేను అడిగే రోజు రాకముందే నువ్వు వెళ్ళిపోవాలి బింతీ" అన్నారు.

మమ్మల్ని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళడానికి కారు ఎక్కింది కొడుకే. డ్రైవరు సీటులో అతను, పక్కన మా ఆయన, వెనక నేను. మా పాస్‌పోర్టులు రెండూ స్టీరింగు ముందు అద్దం కింద పడేసి ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా అవి ఇటునుంచి అటు జారుతున్నాయి. పట్నంలోకి వచ్చాక ఎయిర్‌పోర్టు దారి మా ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. కారు ఒకచోట ఆ దారి వదిలి పక్కకి తిరిగింది. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేదు. ఆ వీధి చివర పోలీసు స్టేషన్ ఉంది.

స్టేషన్ ఎదురుగా కారు ఆపాడు. ఇంజను ఆపలేదు.

"బాబాకి ఎవరు చెప్పారు?" అద్దంలోంచి నన్నే అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు అర్బాబ్. ఆయన చేతులకి తెలిసింది."

"నా పేరు అడిగాడా?"

"అడగలేదు."

"నువ్వు చెప్పావా?"

"అడగనిదే ఎలా చెప్తాను?"

గేటు దగ్గర నిలబడ్డ పోలీసాయన మా కారు వైపు చూసి రెండడుగులు వేశాడు. కొడుకు అద్దం దించి, నవ్వి, సలాం చెప్పాడు. ఏదో అడిగితే, ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నామని చెప్పాడు. కారు కదిలింది. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టులు మా ఆయన చేతిలో పెట్టి, మా సామాను దించకుండానే డిక్కీ తెరిచి నిలబడ్డాడు. మేమే దించుకున్నాం.

విమానం గాల్లోకి లేచి, కింద దీపాలు చిన్నవయ్యాకే మా ఆయనకి అంతా చెప్పాను. పసుపు గీత, వాసన, దణ్ణం పెట్టినవాడు మార్చడన్న మాట, అన్నీ. ఆయన సీట్లో సగం లేచి నావైపు తిరిగారు.

"చూశావా, ఆ రోజు మతి పోయిందా అన్నావు!"

"మెల్లగా మాట్లాడండి. ఇంకా దిగలేదు."

ఊళ్ళో అందరూ అడిగారు, దుబాయ్ నుంచి అంత తొందరగా ఎందుకొచ్చేశారని. అది దుబాయ్ కాదని చెప్పడం మానేశాం. ఏదో చేసి వచ్చుంటార్లే అన్నవాళ్ళూ ఉన్నారు. అన్నారు, ఊరుకున్నారు. మా ఆయన నా పక్కన ఉన్నారు, నాకది చాలు.

కానీ మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగిన వేళ నాకు ఆ గది గుర్తొస్తుంది. గోడంతా కత్తులు. కింద కుర్చీలో కళ్ళు లేని పెద్దాయన. కస్కరా ఇంకా కస్కరాగానే ఉందో లేదో, పాము పామేనో, పిడి చల్లబడింది ఇంకెన్నిటికో. చేతులతో కనిపెట్టగలరు, నిజమే. కనిపెట్టినా ఎవరితో అంటారు? ఆ వంకరది కొక్కెం గదివైపే ఉండిపోయింది. ఆ ఇంట్లో దాన్ని తిప్పి పెట్టేదాన్ని నేనొక్కదాన్నే. ఆయన కుర్చీ సరిగ్గా దానికి ఎదురుగా ఉండేది.